జీరో నిలవని పిస్టల్: ఒక రెడ్ డాట్ కేసు

పరీక్షకు వచ్చినది గ్లాక్ 17 జెన్5 మోస్, అంటే స్లైడ్ (పిస్టల్ పైన ముందు వెనకలకు కదిలే భాగం) మీద రెడ్ డాట్ సైట్ బిగించుకోవడానికి చోటున్న పిస్టల్. దాని మీద హోలోసన్ 507సి (చిన్న అద్దపు కిటికీలో గురికి వెలుగు చుక్క, అంటే డాట్, చూపే సైట్), మధ్యలో సైట్‌ను స్లైడ్‌కు కలపడానికి మోస్ కిట్‌లో ఇచ్చే 02 నంబరు ప్లేట్. సైట్ బిగించి ఆరు వారాలైంది, 400 రౌండ్ల దాకా కాల్చారు. యజమాని కొత్తవాడు కాదు, ఏళ్లుగా ఐరన్ సైట్లతో (పిస్టల్ మీద ముందూ వెనకా ఉండే మామూలు గురి గుర్తులతో) కాలుస్తున్న మనిషి. ఆయన ఫిర్యాదు ఒక్క ముక్కలో: డాట్ పాడైంది, మార్చాలి.

ఆ ఒక్క ముక్కను విడదీస్తే మూడు ఫిర్యాదులు తేలాయి. ఒకటి, జీరో (చుక్క పెట్టిన చోటే తూటా తగిలే అమరిక) నిలవదు: ఒక రోజు మధ్యలో పడ్డ గ్రూపు (వరసగా కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) మర్నాడు 15 మీటర్ల దగ్గర అరచేతి వెడల్పు పక్కకు పోతుంది, ఒక్కోసారి ఒక్కో వైపుకు. రెండు, పాతిక ముప్పై రౌండ్లకోసారి కాల్చాక ఖాళీ కేసు (తూటా వెనకుండే తొడుగు) చాంబర్‌లోనే, అంటే గొట్టంలో రౌండ్ కూర్చునే అరలోనే, ఉండిపోతుంది. డాట్ పెట్టక ముందు ఈ ఇబ్బంది లేదు. మూడు, హోల్‌స్టర్ నుంచి తీసి చాచేసరికి కిటికీలో చుక్క కనిపించదు, వెతుక్కోవాలి.

మూడింటికీ మూలం ఒకటేనన్న ఊహతోనే యజమాని ఆరు వారాలు గడిపాడు. చుక్క కనిపించలేదని, చుక్కను జరిపే సర్దుబాటు స్క్రూ క్లిక్కులు తిప్పాడు. గ్రూపు జరిగిందని మళ్లీ తిప్పాడు. సైట్ వదులుగా ఉన్నప్పుడు క్లిక్కులు తిప్పడమంటే కుంటి బల్ల మీద త్రాసు పెట్టి రాళ్లు మార్చుకోవడమే. ఇలాంటి కేసులో పాటించాల్సిన వరస ఒక్కటే: ముందు బిగింపు, తర్వాత జీరో, చివర చెయ్యి. తలకిందులు చేస్తే ఏ ఫలితాన్నీ నమ్మలేం.

విప్పక ముందు చూసినవి

మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ కంటితోనూ వేలితోనూ చూసి, రౌండ్లన్నీ వేరే గదిలో పెట్టాకే పని మొదలైంది. బల్ల మీద ఒక్క రౌండ్ కూడా ఉండకూడదు.

చాలామంది వెంటనే స్క్రూ డ్రైవర్ అందుకుంటారు. అలా చేస్తే సాక్ష్యం పోతుంది. ముందు సైట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు మెలితిప్పాలి. ఇక్కడ కంటికి కదలిక లేదు కానీ వేలికి సన్నగా 'టిక్' మని తెలిసింది. ఆ టిక్ ఎక్కడ పుడుతోంది, సైట్‌కూ ప్లేట్‌కూ మధ్యనా, ప్లేట్‌కూ స్లైడ్‌కూ మధ్యనా? బొటనవేలి గోరు ఆ రెండు అతుకుల మీద అడ్డంగా ఆనించి మళ్లీ మెలితిప్పితే తెలిసిపోతుంది. ఇది ప్లేట్ కింద నుంచి వచ్చింది. అంటే సైట్ ప్లేట్‌కు గట్టిగానే ఉంది, ప్లేట్ మాత్రం స్లైడ్ మీద ఆడుతోంది.

తర్వాత ఒక్కో స్క్రూ ఎంత బలానికి వదులుతుందో చూశాం. సైట్ స్క్రూలు రెండూ గట్టిగానే వదిలాయి. ప్లేట్ స్క్రూల్లో ఎడమది వేళ్ల బలానికే తిరిగింది, కుడిది మాత్రం మొండికేసింది. బయటికి తీసి పక్కపక్కన పెడితే సంగతి అర్థమైంది: కుడి స్క్రూ ఎడమదానికన్నా ఒక మిల్లీమీటరుకు పైగా పొడవు. అసలు స్క్రూ ఎక్కడో పడిపోతే, మరలు కుదిరాయని పెట్టెలో దొరికిన ఇంకోటి బిగించారట.

ఒక మిల్లీమీటరు చేసిన పని

గ్లాక్ స్లైడ్‌లో ఎక్స్‌ట్రాక్టర్, అంటే ఖాళీ కేసును చాంబర్ నుంచి లాగే కొక్కెం, కుడివైపున ఉంటుంది. దాన్ని వెనక నుంచి నెట్టి పట్టే ప్లంజరూ (సన్నని కడ్డీ) స్ప్రింగూ స్లైడ్ లోపల కుడివైపు సన్నని సొరంగంలో నడుస్తాయి. ప్లేట్ కుడి స్క్రూ రంధ్రం ఆ సొరంగానికి నెత్తి మీదే ఉంటుంది. స్క్రూ పొడవైతే మొన ఆ సొరంగంలోకి దిగి ప్లంజర్‌ను నొక్కుతుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ కేసు అంచు మీద ఉండాల్సినంత ఒత్తిడి పెట్టదు. పూర్తిగా బిగుసుకుపోతే మొదటి మ్యాగజైన్‌లోనే దొరికిపోతుంది. ఇక్కడ అంచు మాత్రమే రాసుకుంటోంది, అందుకే పాతిక ముప్పైకోసారి. ప్లంజర్ బయటికి తీస్తే పక్కన మెరిసే చిన్న గీత కనిపించింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అదే స్క్రూ రెండో నష్టం కూడా చేసింది. మొన కింద తగిలి ఆగిపోయింది కనుక డ్రైవర్‌కు బిగిసినట్టే అనిపించింది, తల మాత్రం ప్లేట్‌ను చాలినంత అదమలేదు. ఎడమ స్క్రూ ఒంటరిగా మోసింది, అదీ కొన్నాళ్లకు వదిలింది. చేతికి తగిలే గట్టిదనం నిజమైన పట్టు కాదు. టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే పనిముట్టు) కూడా ఇక్కడ మోసపోతుంది, ఎందుకంటే మొన తగిలి ఆగినా, తల అదిమి ఆగినా దానికి ఒకటే.

దీన్ని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. ప్లేట్ స్క్రూలు లేకుండా ఎక్స్‌ట్రాక్టర్‌ను వేలితో బయటికి నెట్టి వదలండి, స్ప్రింగ్ మీద ఎలా తిరిగొస్తుందో గుర్తుపెట్టుకోండి. స్క్రూలు పూర్తిగా బిగించి మళ్లీ నెట్టండి. ఏమాత్రం బరువుగా అనిపించినా, నెమ్మదిగా తిరిగొచ్చినా కుడి స్క్రూ లోపలికి దిగినట్టే. ఇదే లక్షణం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదలకుండా మరలను పట్టే జిగురు) ఎక్కువైనా వస్తుంది: రంధ్రంలో పోసిన చుక్క కిందికి జారి ప్లంజర్ సొరంగంలో గట్టిపడుతుంది. అందుకే థ్రెడ్‌లాకర్ రంధ్రంలో పోయకూడదు, స్క్రూ మరల మీద రాయాలి.

ఎడమ స్క్రూ ఎందుకు వదిలిందో కూడా తేలింది. మరల మీద నీలం థ్రెడ్‌లాకర్ ఉంది కానీ పొట్టులా రాలిపోతోంది, కింద నూనె పొర. నూనె తుడవకుండా రాసిన థ్రెడ్‌లాకర్ లోహాన్ని పట్టుకోదు. లాక్‌టైట్ 243 కొద్దిపాటి నూనెను ఓర్చుకుంటుంది. అలాగని తుడవడం మానేయడానికి అది సాకు కాదు.

మళ్లీ బిగించిన తీరు

మరలన్నిటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాం. రంధ్రాల్లోకి తడిపిన దూది పుల్ల దింపి, అది తెల్లగా తిరిగొచ్చేదాకా. పాత థ్రెడ్‌లాకర్ పొట్టును సన్నని ఇత్తడి బ్రష్‌తో తీశాం. ఎసిటోన్ కూడా పనిచేస్తుంది, కానీ ఫ్రేమ్‌కూ సైట్ అద్దానికీ దాన్ని దూరంగా ఉంచాలి.

ప్లేట్‌ను మొదట పొడిగా, స్క్రూలు లేకుండా కూర్చోబెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కాం. ఎక్కడ నొక్కినా ఎదుటి మూల లేవకూడదు. లేచిందంటే కింద ఒక రజనో, పెయింట్ దిమ్మో ఉన్నట్టు. ఇక్కడ లేవలేదు. ప్లేట్‌కు సరైన పొడవు స్క్రూలు తెప్పించి, థ్రెడ్‌లాకర్ లేకుండా ఒకసారి బిగించి ఎక్స్‌ట్రాక్టర్ పరీక్ష చేశాం. తర్వాత స్క్రూ చివరి నుంచి మూడు నాలుగు మరల మీద సన్నగా థ్రెడ్‌లాకర్ రాసి, రెండూ వేళ్లతో ఆనించి, ఒకటి కొంచెం, రెండోది కొంచెం మార్చిమార్చి బిగించాం. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే ప్లేట్ ఒక పక్కకు వాలి కూర్చుంటుంది.

సైట్‌కు ముందు ఒక మాట: స్క్రూల పని ఏమిటి? స్లైడ్ వెనక్కి విసురుగా కదిలినప్పుడు సైట్ తన చోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే స్లైడ్ లెక్కలో ముందుకు నెట్టుకుంటుంది. స్లైడ్ వెనక చివర ఢీకొని ఆగినప్పుడు సైట్ వెనక్కి నెట్టుకుంటుంది. మూసుకుని ఆగినప్పుడు మళ్లీ ముందుకు. ప్రతి రౌండ్‌కూ ఈ ముందు వెనకల కోత తప్పదు. దాన్ని మోయాల్సినవి ప్లేట్ మీద పొడుచుకొచ్చిన దిమ్మెలు. అవి సైట్ అడుగున ఉన్న గుంటల్లో కూర్చుంటాయి. స్క్రూలు కిందికి అదిమి పట్టడానికే. దిమ్మెకూ గుంటకూ మధ్య సందు ఉంటే కోత అంతా స్క్రూ మెడ మీద పడి, ఒక రోజు తల తెగి చేతికొస్తుంది. సన్నని సందు ఎటూ తప్పదు కాబట్టి, బిగించేటప్పుడు సైట్‌ను ముందుకు నెట్టి పట్టుకుని, దిమ్మెలకు ఆనించి స్క్రూలు తిప్పాం.

ఈ కుటుంబం సైట్లకు టార్క్ 12 నుంచి 15 ఇంచ్-పౌండ్లు. 12 అంటే 1.36 న్యూటన్ మీటర్లు, పొట్టి కీతో వేళ్ల చివర పట్టుకుని తిప్పినంత. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: రైఫిల్ స్కోప్ రింగులకు వాడే 10 నుంచి 65 ఇంచ్-పౌండ్ల డ్రైవర్‌ను 12 మీద పెడతారు. ఏ రెంచ్ అయినా తన కొలత పరిధి అడుగున అంత నమ్మదగినది కాదు. చిన్న పరిధి డ్రైవర్ వాడాలి. తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టార్క్స్ టీ10 బిట్ అరిగిపోయి ఉంటే పారేయండి, స్క్రూ తల పాడయ్యాక పడే తంటాతో పోలిస్తే బిట్ ఒక లెక్క కాదు. ఎర్ర థ్రెడ్‌లాకర్ జోలికి వెళ్లొద్దు. అది వేడి చేస్తే తప్ప వదలదు, ఆ వేడి సైట్‌కు పనికిరాదు.

చివరగా స్క్రూ తల నుంచి సైట్ ఒంటి మీదికి పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత. గీత విరిగితే స్క్రూ తిరిగినట్టు, చూడగానే తెలుస్తుంది. ఆపై 24 గంటలు ఆగాం. థ్రెడ్‌లాకర్ అరగంటలోపే పట్టినట్టు అనిపిస్తుంది, పూర్తి బలం రావడానికి ఆ రోజంతా పడుతుంది. బిగించి గంటలో రేంజ్‌కు వెళ్లడం ఈ కేసులో జరిగిన ఇంకో పొరపాటు.

బ్యాటరీ సంగతి చిన్నదే. 507సికి సీఆర్1632 పక్క అరలో ఉంటుంది, సైట్ తీయక్కర్లేదు. ట్రిజికాన్ ఆర్ఎంఆర్‌లో సీఆర్2032 అడుగున ఉంటుంది, మార్చాలంటే సైట్ ఊడదీయాలి, మళ్లీ టార్క్, మళ్లీ జీరో చూసుకోవాలి. ఏడాదికి ఒక తేదీ పెట్టుకుని మార్చేయడం మేలు.

జీరో: ఎంత దూరంలో, ఎన్ని క్లిక్కులు

507సిలో ఒక క్లిక్ ఒక ఎంఓఏ (కోణపు కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు). ఒక ఎంఓఏ 10 మీటర్ల దగ్గర 2.9 మి.మీ., 25 మీటర్ల దగ్గర 7.3 మి.మీ. ఈ రెండు అంకెలూ టేపు మీద రాసి రేంజ్ బ్యాగ్‌కు అంటించుకుంటే చాలు.

25 మీటర్ల జీరో ఎంచుకున్నాం. చుక్క గుండా పోయే చూపు గీత, పిస్టల్ దగ్గర తూటా దారికి సుమారు 28 మి.మీ. పైన ఉంటుంది. సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్లే 9 మి.మీ. తూటాకు లెక్క కడితే 25 మీటర్ల జీరో ఉన్న పిస్టల్ 10 మీటర్ల దగ్గర చుక్కకు సెంటీమీటరు కిందా, 3 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ కిందా తగులుతుంది. 15 మీటర్లకు అర సెంటీమీటరే తేడా. అదే 10 మీటర్ల దగ్గర జీరో చేస్తే 25 దగ్గర రెండున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. దగ్గర్లో కిందికి తగలడాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, దూరంలో పైకి పోవడం గ్రూపును చెడగొడుతుంది. కానీ 3 మీటర్ల దగ్గర నాణెమంత గుర్తు కొట్టాలంటే ఈ రెండు సెంటీమీటర్లు కలిపి పైన పట్టాలని శిష్యుడికి ముందే చెప్పకపోతే, సైట్ చెడిందని అతను మళ్లీ క్లిక్కులు తిప్పుతాడు.

మొదలు 10 మీటర్ల దగ్గరే, ఇసుక సంచి మీద ఆనించి ఐదు రౌండ్లు. గ్రూపు నడుమ 41 మి.మీ. కింద, 23 మి.మీ. కుడికి పడింది. 10 మీటర్ల దగ్గర మనకు కావాల్సింది నడుమ కాదు, సెంటీమీటరు కింద. కాబట్టి 31 మి.మీ. పైకి, అంటే 11 క్లిక్కులు. ఎడమకు 8. అక్కడి నుంచి 25 మీటర్లకు వెళ్తే గ్రూపు 15 మి.మీ. ఎడమకు, 7 మి.మీ. పైకి ఉంది: రెండు క్లిక్కులు కుడికి, ఒకటి కిందికి. తర్వాతి రెండు గ్రూపులూ నడుమనే పడ్డాయి.

రెండు జాగ్రత్తలు. ఒక్క తూటా చూసి క్లిక్ తిప్పొద్దు, ఐదింటి నడుమ చూసి తిప్పండి. క్లిక్కులు తిప్పే స్క్రూ పక్కన ఉన్న బాణం గుర్తు చుక్కను కదిపే దిశనా, తూటా తగిలే చోటును కదిపే దిశనా అన్నది కొత్త సైట్ అయితే పది క్లిక్కులు తిప్పి, కాల్చి తేల్చుకోండి. చుక్కను ఎడమకు జరిపితే తగిలే చోటు కుడికి పోతుంది. ఈ తికమకతోనే పెట్టెడు రౌండ్లు ఖర్చయిపోతుంటాయి.

200 రౌండ్ల తర్వాత గీతలు విరగలేదు, జీరో కదల్లేదు, ఒక్క కేసూ ఇరుక్కోలేదు. మొదటి రెండు ఫిర్యాదులూ అక్కడితో ముగిశాయి.

మూడో ఫిర్యాదు: కనిపించని చుక్క

ఇది యంత్రం తప్పు కాదు. కిటికీ సుమారు 23 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు. చేతులు చాస్తే కంటికీ దానికీ మధ్య 60 సెం.మీ. దూరం. నడుమ నుంచి అంచుకు 8 మి.మీ. మాత్రమే కాబట్టి, పిస్టల్ డిగ్రీలో ముప్పావు వంతు పైకి వంగినా చుక్క కిటికీ దాటిపోతుంది. 186 మి.మీ. స్లైడ్ మీద అది రెండున్నర మిల్లీమీటర్లు. ఐరన్ సైట్లతో అంత తేడా వస్తే ముందు సైట్ ఎత్తుగా కనిపిస్తుంది, ఎటు దించాలో కన్నే చెబుతుంది. డాట్ ఆ సాయం చెయ్యదు. ఉంటే ఉంటుంది, లేకపోతే ఖాళీ అద్దం.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం: గొట్టం మూతి పైకి లేస్తే చుక్క పైఅంచు దాటిపోతుంది, మూతి దిగితే కింది అంచు దాటుతుంది. పిస్టల్‌ను మరీ ఎత్తుగా పట్టుకున్నా కిందికే పోతుంది. ఈ షూటర్‌ను పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీస్తే కథంతా చివరి పది సెంటీమీటర్లలో ఉంది. ముందు సైట్‌ను తొందరగా కంటికి అందించడానికి మూతి ఎత్తి చాచి, ఆఖరున దించడం ఏళ్లుగా స్థిరపడ్డ అలవాటు. ఐరన్ సైట్లకు అది మంచి అలవాటే. డాట్‌కు మాత్రం చుక్క ఆఖరి క్షణం దాకా పైఅంచు అవతలే ఉంటుంది. ఆయన దాన్ని వెతుకుతూ మణికట్టు గుండ్రంగా తిప్పుతున్నాడు, అది ఇంకా చెడ్డది.

దిద్దుబాటు చివరి నుంచి మొదటికి. ఖాళీ పిస్టల్‌తో, గోడ మీద 25 మి.మీ. గుండ్రటి గుర్తు అతికించి, 3 మీటర్ల దూరం నుంచి. ముందు పూర్తిగా చాచి, చుక్క నడుమన ఉండేలా స్థిరపడాలి. అక్కడి నుంచి పది సెంటీమీటర్లు మాత్రమే వెనక్కి తెచ్చి మళ్లీ చాచాలి. చుక్క పోకుండా పదిసార్లు వస్తే ఇంకో పది సెంటీమీటర్లు. అలా ఛాతీ దాకా, ఆ తర్వాతే హోల్‌స్టర్ దాకా. హోల్‌స్టర్‌తో మొదలుపెట్టినవాళ్లు తప్పునే వేగంగా నేర్చుకుంటారు. చివరి భాగంలో మూతి ముందే సమంగా ఉండాలి, పిస్టల్ బల్ల మీద జరిపినట్టు ముందుకు సాగాలి. చుక్క కనిపించకపోతే వెతకొద్దు: మూతిని ముందుకు, కొంచెం కిందికి నొక్కాలి. పదిలో ఎనిమిదిసార్లు పైనుంచి దిగొస్తుంది. రోజుకు పది నిమిషాలు చాలు. అరగంట చేస్తే చివరి ఇరవై నిమిషాలూ అలసిన చేత్తో తప్పునే వల్లె వేస్తాం.

రెండో తప్పు చూపులో. ఐరన్ సైట్ల మనిషి కన్ను ముందు సైట్ మీద నిలుపుతాడు. ఇక్కడ చుక్క మీద నిలపకూడదు, చూపు లక్ష్యం మీదే ఉండాలి, చుక్క వచ్చి దాని మీద వాలాలి. ఇది మాటలతో ఎక్కదు. సైట్ ముందు అద్దానికి బయటివైపు నల్ల టేపు అతికించి, రెండు కళ్లూ తెరిచి చాచమన్నాం. ఒక కన్నుకు చుక్క, రెండో కన్నుకు లక్ష్యం, మెదడు రెండింటినీ కలుపుతుంది. చూపు చుక్క మీదికి లాక్కుంటే వెంటనే ఎదురుగా టేపు మాత్రమే మిగులుతుంది. నిమిషంలో తప్పు ఒప్పుకోక తప్పదు. అయితే టేపు ఉన్నప్పుడు తగిలే చోటును చూసి జీరోను అనుమానించొద్దు. రెండు కళ్లూ ఎప్పుడూ ఒకే గీతలో ఉండవు, కొందరికి అది గణనీయంగా పక్కకు పడుతుంది.

వెలుతురు గురించి ఒక మాట. చుక్క తోకచుక్కలా, కామాలా కనిపిస్తోందని ఈయన కూడా అన్నాడు. సైట్‌ను అలాగే ఉంచి తల పక్కకు వంచమన్నాం: మరక తలతోపాటే తిరిగింది. అంటే సైట్ బాగుంది, కంటిలో ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఉంది. ఫోన్ కెమెరాతో అద్దంలోంచి ఫొటో తీస్తే గుండ్రంగానే వచ్చింది. వెలుగు రెండు మెట్లు తగ్గిస్తే మరక చాలావరకు కుదించుకుంది. లక్ష్యం కనిపిస్తూ, చుక్క కనిపిస్తూ ఉండగలిగిన అతి తక్కువ వెలుగే సరైన వెలుగు. ఇంకా ఇబ్బందైతే 507సిలో 32 ఎంఓఏ వలయం ఉంది, దాని నడుమన పట్టొచ్చు.

ఇక చుక్క వణుకు. ఐరన్ సైట్లతోనూ చెయ్యి అంతే వణుకుతుంది, అప్పుడు కనిపించదు, ఇప్పుడు కనిపిస్తుంది. సరిగ్గా నడుమకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్ నొక్కేయాలని చూస్తే నొక్కు కాస్తా గుంజుడు అవుతుంది, తూటాలు కిందికి పోతాయి. ఆయన 10 మీటర్ల గ్రూపుల్లో కిందికి తోకలా సాగిన రెండు మూడు రంధ్రాలు దీని పుణ్యమే. చుక్క లక్ష్యంలో ఎక్కడ ఊగినా ట్రిగ్గర్ నొక్కు ఆగకూడదు.

ఆరు వారాల తర్వాత 10 మీటర్ల దగ్గర 15 సెం.మీ. వలయంలో తొలి తూటాకు పట్టే సమయం 2.4 సెకన్ల నుంచి 1.7కు దిగింది. ఆయనకు ఐరన్ సైట్లతో ఉన్న సమయం కూడా అదే 1.7. వేగంలో ఇంకా లాభమేమీ లేదు. 25 మీటర్ల దగ్గర గ్రూపు మాత్రం పాతదానిలో సగానికి తగ్గింది. ఎడమ చేతి పట్టు మీద పని ఇంకా నడుస్తోంది: కాల్చినప్పుడు చుక్క నిటారుగా పైకి పోయి నిటారుగా దిగడం లేదు, ఎడమ పై మూలకు ఎగిరి వస్తోంది.